అరకు కాఫీ తోటలో ఐఓటీ సెన్సర్: కొనే ముందు ఏ సమస్య పెద్దదో లెక్కేయండి

నేల తేమ సెన్సర్ల బాక్స్ మీద రేంజ్ ఇన్ని కిలోమీటర్లు అని రాసి ఉంటుంది కదా, అది అడ్డేమీ లేని చోట వచ్చే రేంజ్. 2019లో జీఐ ట్యాగ్ వచ్చిన అరకు కాఫీ అలాంటి చోట పెరగదు. కొండవాలు మీద, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరుగుతుంది. ఆ నీడ కాఫీకి మంచిదే, సోలార్ ప్యానెల్‌కి మాత్రం కాదు. మధ్యలో గుట్ట అడ్డొస్తే లోరా సిగ్నల్ కూడా బాగా పడిపోతుంది.

అందుకే ఏ బ్రాండ్ అనే ప్రశ్న తర్వాత. ముందు ఏ అడ్డంకి మీద డబ్బు పెట్టాలో తేలాలి. దీనికి థామస్ సాటీ 1970ల్లో తయారుచేసిన అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్, అదే ఏహెచ్‌పీ, బాగా పనికొస్తుంది. అన్ని సమస్యల్నీ ఒకేసారి ర్యాంక్ చేయమంటే తల తిరుగుతుంది. ఇది రెండేసి చొప్పున అడుగుతుంది: వీటిలో ఏది పెద్ద ఇబ్బంది, ఎంత పెద్దది? 1 అంటే రెండూ సమానం, 9 అంటే పోలికే లేనంత తేడా.

రిపేర్ సమస్య సిగ్నల్ కంటే 2 రెట్లు, ఛార్జింగ్ కంటే 4 రెట్లు పెద్దది. సిగ్నల్ సమస్య ఛార్జింగ్ కంటే 2 రెట్లు అనుకుందాం. నిష్పత్తి 4:2:1. అంటే రిపేర్‌కి 57 శాతం, సిగ్నల్‌కి 29, ఛార్జింగ్‌కి 14. గూగుల్ షీట్స్ చాలు. జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే కన్సిస్టెన్సీ రేషియో 0.10 దాటుతుంది, అప్పుడు మళ్లీ అడగాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆ అంకెలు ఎవరు వేస్తున్నారు? నేను హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని వేస్తే సిగ్నలే ఫస్ట్ వస్తుంది, మన బుద్ధి అంతే. వేయాల్సింది తోట చూసుకునే రైతు. అక్కడ కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి కాబట్టి తెలుగు ఫారం చేతిలో పెట్టేయకండి. తొమ్మిది కాఫీ గింజలు ఇచ్చి, తేడా ఎంతో అన్ని గింజలు పెట్టమనండి.

ఏహెచ్‌పీతో ఒక ఇబ్బంది ఉంది: సమస్యలన్నీ విడివిడి అనుకుంటుంది. నిజానికి సిగ్నల్ వీక్‌గా ఉంటే లోరా డివైస్ ఒక్కో మెసేజ్ పంపడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఏది కారణం, ఏది ఫలితం అని తేల్చాలంటే డెమటెల్ అనే పద్ధతి వాడాలి. పై ఉదాహరణలో నేనైతే పెద్ద ప్యానెల్ కొనను. గేట్‌వేని గుట్ట మీదకి ఎక్కిస్తాను, స్క్రూ విప్పి సెల్ మార్చుకునే మోడల్ తీసుకుంటాను, అదే మోడల్ ఇంకోటి స్పేర్‌గా ఊళ్లోనే ఉంచుతాను.