సిఫారసు లేఖ

విజయవాడలో చదివి, ఉన్నతవిద్యకై విదేశములకేగు విద్యార్థులు తఱచుగా అధ్యాపకుల సిఫారసు లేఖలను గూడ పంపవలసియుండును. ఇచట సిఫారసనగా పలుకుబడి కాదు. చూచినవాడు చెప్పు సాక్ష్యము.

విజయవాడ మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1913లో, మద్రాసు ఓడరేవు కార్యాలయపు గుమాస్తాయగు రామానుజన్ గణితకృషిని వాతావరణ శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వాకర్ చూచెను. అందు అపూర్వత కలదనియు, సంపూర్ణత కొరవడినదనియు, జీవనచింత లేక గణితమునే సాధింపనిచ్చుట ఉచితమనియు విశ్వవిద్యాలయమునకు దాపరికము లేక వ్రాసెను. పట్టము లేని ఆ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము లభించెను.

బుద్ధిమంతుడను పొగడ్త ఎవ్వరికైనను చెల్లును. విఫలమైన ప్రయోగమును విడువక మరల చేసెనను వాక్యము చేసినవానికే చెల్లును. అట్టి వాక్యము గడువు ముందటి రోజున అడిగినంత మాత్రమున పుట్టదు; అధ్యాపకుని కన్నుల యెదుట చేసిన పనినుండియే పుట్టును.