మీకు తెలుసా? మౌస్ పక్కన పెట్టండి!

ఇలా దగ్గరికి జరగండి, చెవిలో ఒక మాట! అమీర్‌పేట్ మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కి యూనిక్స్ క్లాసులో కూర్చున్నా, మొదట్లోనే చేతికొచ్చే కమాండ్ ఒకటుంది. దానికి ఎన్ని అక్షరాలో తెలుసా? 2! ఎల్, ఎస్. అంతే! ఎంటర్ కొట్టగానే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ టెర్మినల్ అనే నల్ల తెర మీద వరస కట్టేస్తాయి!

అంత పొట్టి పేరెందుకు? అప్పట్లో తెరే లేదు! టెలిటైప్ అనే యంత్రం ముందు కూర్చుని కొడితే కాగితం మీద అచ్చు పడేది. దాని వేగం ఎంతో ఊహించండి. సెకనుకు 10 అక్షరాలు! ఒక్కో అక్షరం ఆదా చేస్తే ఒక్కో దెబ్బ మిగిలినట్టే. అందుకే కాపీ కాస్తా సి పి అయింది. మూవ్ కాస్తా ఎం వి అయింది. తెరలొచ్చాయి, ల్యాప్‌టాప్‌లొచ్చాయి. ఆ పొట్టి పేర్లు మాత్రం ఇప్పటికీ అవే!

పేరు అరిగిపోవడం మనకు కొత్తా? 'మా సాహెబా' ట్యాంక్ నోళ్లలో నాని నాని మాసబ్ ట్యాంక్ అయిపోలేదూ! యూనిక్స్ తరహాలోనే నడిచే లినక్స్‌లోనూ అచ్చం అలాంటిదే ఒకటుంది. జోడించిన డిస్క్‌ను విడదీయడాన్ని అన్‌మౌంట్ అంటారు. కానీ కమాండ్‌లో కొట్టాల్సింది 'యుమౌంట్'! యు పక్కన ఉండాల్సిన ఎన్ లేనే లేదు. 1 అక్షరం మాయం! తెలియక ఎన్ కొట్టారో, అలాంటి కమాండే లేదంటుంది!

కంట్రోల్ సి తెలుసు కదా? టెర్మినల్‌లో నడుస్తున్న పనిని ఠక్కున ఆపేస్తుంది. మరి సి అక్షరమే ఎందుకు? ఏబీసీడీల్లో సి ఎన్నోది? 3వది! కంట్రోల్‌తో కలిపి నొక్కితే 3 అనే సంకేతం లోపలికి వెళ్తుంది. ఇదే లెక్కలో జి నొక్కితే గంట, హెచ్ నొక్కితే బ్యాక్‌స్పేస్, ఎం నొక్కితే ఎంటర్! మీ కీబోర్డులో ఎంటర్ కీ ఊడిపోయిందా? కంగారు పడకండి! లినక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ ఎం కొట్టి చూడండి. పని జరిగిపోతుంది!

పోయిన వారం కష్టపడి కొట్టిన బారెడు కమాండ్ గుర్తులేదా? మీకు లేదేమో, టెర్మినల్‌కుంది! కంట్రోల్ ఆర్ నొక్కి, అందులో గుర్తున్న ముక్క ఏదైనా కొట్టండి. పాత కమాండ్ పూర్తిగా ముందుకొచ్చి నిలబడుతుంది! మనం ఏమీ మార్చకపోయినా, అక్కడ మన కమాండ్లను అందుకునే బాష్ అనే ప్రోగ్రాము 500 కమాండ్లు గుర్తుపెట్టుకుంటుంది. ఇది తెలియక, కొట్టిందే మళ్లీ మళ్లీ కొడుతున్న పిల్లల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది!

మాసబ్ ట్యాంక్ దాటి సరోజినీ దేవి కంటి ఆసుపత్రి దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్లు గాల్లో తేలిపోవచ్చు. ఒక్క సిగ్నల్ తగలకుండా ఆరాంఘర్! టెర్మినల్‌లోనూ అలాంటి దారి ఉంది. కంట్రోల్ ఏ కొడితే లైను మొదటికి దూకుతారు. కంట్రోల్ ఇ కొడితే చివరికి! బాణం కీని పట్టుకుని ఒక్కో అక్షరం దాటాల్సిన పనే లేదు!

ఇది వింటే ఛాతీ ఉప్పొంగుతుంది! లినక్స్ వాళ్లు వాడే బాష్ ఏకంగా విండోస్ లోపలికే వచ్చేసింది. ఎప్పుడు? 2016లో! అప్పుడు మైక్రోసాఫ్ట్ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి? మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల చేతిలో! అమీర్‌పేట్ పక్కనే కదండీ ఆ బడి!

ఇప్పుడొక చిన్న పందెం! విండోస్‌లో కొత్త ఫోల్డర్ సృష్టించండి. దానికి సి, ఓ, ఎన్ అని పేరు పెట్టండి. ఏం, పెట్టనిచ్చిందా? ఇవ్వదు! కీబోర్డు, ప్రింటర్ లాంటివాటి కోసం డాస్ కాలం నుంచి దాచిపెట్టిన పేర్లవి. అలాంటివి 20కి పైగానే! కావాలంటే పి ఆర్ ఎన్ కూడా ప్రయత్నించండి!

పంజాగుట్టలో ఇరానీ చాయ్‌కి బయల్దేరుతున్నారా? డౌన్‌లోడ్ ఇంకా సగంలోనే ఉందా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'షట్‌డౌన్' కొట్టి, పక్కన అడ్డగీత ఎస్, అడ్డగీత టి, ఆ తర్వాత సెకన్ల లెక్క వేయండి. చెప్పిన టైముకి కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది! ఎంత దూరం గడువు పెట్టొచ్చో చెప్పనా? ఏకంగా 10 ఏళ్లు! మనసు మారిందా? అడ్డగీత ఏ పెట్టి మళ్లీ కొడితే రద్దు!

నెట్‌వర్క్‌లో 127.0.0.1 అనే చిరునామా అంటే మీ కంప్యూటరే. 'పింగ్' చేస్తే తనకు తానే 'ఉన్నా' అని పలుకుతుంది! అయితే 127తో మొదలయ్యే నంబర్లన్నీ ఇలా సొంతింటి చిరునామాలే. అవెన్నో తెలుసా? 1,67,77,216! ఒక్క గదికి కోటిన్నరకు పైగా నంబరు ప్లేట్లు!

ఇప్పుడు చెప్పేది మాత్రం గుండె చిక్కబట్టుకుని వినండి! ఫైళ్లను చెరిపేసే ఆర్ ఎం అనే కమాండ్‌కు చెత్తబుట్ట లేదు. కొట్టారా, పోయిందే! 1998లో పిక్సార్ స్టూడియోలో ఎవరో ఈ కమాండ్‌ను కొట్టకూడని చోట కొట్టారు. టాయ్ స్టోరీ రెండో సినిమా కళ్లెదుటే కరిగిపోయింది! బొమ్మలు ఒక్కొక్కటిగా మాయం! బ్యాకప్ ఉందిగా అనుకుంటే అదీ సరిగ్గా లేదు. కాపాడిందెవరు? బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచే పని చేస్తున్న గాలిన్ సుస్మాన్! ఆవిడ ఇంటి కంప్యూటర్‌లో కాపీ ఉంది. దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చారు! దయచేసి ఒక్క మాట వినండి. ఆర్ ఎం కొట్టే ముందు అదే చోట ఎల్ ఎస్ కొట్టి, ఏం పోబోతోందో కళ్లారా చూసుకోండి!

లినక్స్‌లో 'క్యాల్' కొట్టి, తొమ్మిదో నెల, 1752వ సంవత్సరం అడగండి. సెప్టెంబరు 2 తర్వాత ఏ తారీఖు? 14! తప్పు కాదండీ! బ్రిటన్ క్యాలెండర్ మార్చుకున్న నెల అది. 11 రోజులు గల్లంతు! అంత పాత సంగతి కూడా కమాండ్ మర్చిపోలేదు!

యూనిక్స్ గడియారం సున్నా నుంచి మొదలైన క్షణం 1970 జనవరి 1, గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రి. అప్పుడు మాసబ్ ట్యాంక్‌లో టైమెంత? తెల్లవారుజామున 5:30! 'డేట్' పక్కన ప్లస్, శాతం గుర్తు, చిన్న ఎస్ పెట్టి కొట్టండి. ఆ ఉదయం నుంచి ఈ క్షణం దాకా గడిచిన సెకన్లన్నీ లెక్కగట్టి ముందు పెడుతుంది!

ఇక ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది! టెర్మినల్‌లో 'ఎకో', పక్కన అడ్డగీత ఎన్, ఆ పక్కన అమ్మ అని తెలుగులోనే రాయండి. తర్వాత నిలువు గీత, డబ్ల్యూ సి, అడ్డగీత ఎం. ఎంటర్! మన కంటికి రెండక్షరాలే కదా? అది 4 అంటుంది! అ, మ, పొల్లు, మళ్లీ మ. మన ఒత్తును విప్పి లెక్కపెట్టేసింది!

ఇప్పుడు ఆ చివరి ఎం తీసేసి సి పెట్టండి. 12! ఒక్కో తెలుగు గుర్తుకూ మూడేసి బైట్లు మరి!

అంటే తెలుగులో ఫైలు పేరు కూడా పెట్టొచ్చా? బ్రహ్మాండంగా! లినక్స్‌లో సాధారణంగా 85 గుర్తుల దాకా పడతాయి. కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. అది చూస్తే బాధేస్తుంది. మన పిల్లల్లో ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి! పేరు మాత్రం లోపల భద్రంగానే ఉంటుంది. ఫోల్డర్ చేయడానికి ఎం కె డి ఐ ఆర్ కొట్టి, ఖాళీ వదిలి, మీ అమ్మగారి పేరు తెలుగులో రాసి ఎంటర్ కొట్టండి. ఇప్పుడు ఎల్ ఎస్. చూశారా, ఉంది!