మీకు తెలుసా? ఆకు తనలో తానే అమ్మోనియం పుట్టిస్తుంది!

వరి పొలంలో చల్లిన యూరియా అమ్మోనియంగా మారి వేళ్లకు అందుతుందన్నది రైతులకు తెలిసిందే. అసలు విశేషం ఆకులో ఉంది. ఎండలో కాంతిశ్వాసక్రియ జరిగేటప్పుడు రెండు గ్లైసిన్ అణువులు ఒక సెరిన్‌గా మారతాయి. ఆ క్రమంలో మైటోకాండ్రియాలో అమ్మోనియం వెలువడుతుంది. వేళ్ల నుంచి కొత్తగా అందే నత్రజని కన్నా ఇదే ఎక్కువ! పేరుకుపోతే మాత్రం ఆకుకే ముప్పు. అందుకే హరితరేణువులోని గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్, ఏటీపీ ఖర్చుపెట్టి మరీ, దాన్ని గ్లుటమేట్‌కు జోడించి గ్లుటమిన్‌గా మార్చేస్తుంది. 1980లలో ఈ ఎంజైమ్ లోపించిన బార్లీ మొక్కలను శాస్త్రవేత్తలు పరీక్షించారు. మామూలు గాలిలో అవి దెబ్బతిన్నాయి. కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉండి కాంతిశ్వాసక్రియ అణిగిన చోట నిక్షేపంగా పెరిగాయి. గ్లూఫోసినేట్ కలుపుమందు దెబ్బకొట్టేది కూడా సరిగ్గా ఈ ఎంజైమ్‌నే.