కోటి డిగ్రీల వేడిని కొలిచేదెలా?

మా నాన్న ఇటుక బట్టీలో పనిచేసేవారు. లోపల వేడి ఎంతుందో చూడటానికి ఆయన దగ్గర ఏ పరికరమూ ఉండేది కాదు. కన్నంలోంచి మంట రంగు చూసి "ఇంకా కాలాలి" అనో, "ఇక చాలు" అనో చెప్పేవారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ప్లాస్మా పాఠం వచ్చినప్పుడు మాకు ఆ కన్నమే గుర్తొచ్చింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే అదే రాస్తున్నాం.

పదార్థాన్ని విపరీతంగా వేడిచేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఆ స్థితే ప్లాస్మా. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒమేగా అనే లేజర్ ఉంది. దాని 60 కిరణపుంజాలతో, సుమారు మిల్లీమీటరు వెడల్పున్న ఒక గుల్ల గోళీని అన్ని వైపుల నుంచీ ఒకేసారి కొడతారు. గోళీ లోపల హైడ్రోజన్ రకమే అయిన డ్యుటీరియం వాయువు ఉంటుంది. పై పొర బయటికి ఎగిరిపోతుంటే, ఆ ఎదురుదెబ్బకు మిగిలినది లోపలికి నలిగిపోతుంది. నడుమ కోటి డిగ్రీల వేడి పుడుతుంది. అది నిలిచేది సెకనులో వెయ్యి కోట్లవ వంతు సేపు. అక్కడ ఏ థర్మామీటరు పెట్టగలం? లోపలి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలే దిక్కు.

అయితే ఒక చిక్కుంది. ప్రతి మూలకమూ తనవైన వర్ణపట రేఖలు ఇస్తుందని ఇంటర్‌లో చదువుకున్నాం కదా! ఆ రేఖ రావాలంటే పరమాణువుకు ఒక్క ఎలక్ట్రానైనా మిగిలి ఉండాలి. డ్యుటీరియానికి ఉన్నదే ఒకటి, ఆ వేడికి అదీ పోతుంది. అందుకని వాయువులో కొద్దిగా ఆర్గాన్ కలుపుతారు. దానికి 18 ఎలక్ట్రాన్లు. అంత వేడిలోనూ చివరి ఒకటో రెండో అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మన హాస్టల్ వంటాయన గుండిగలోంచి ఒక్క మెతుకు తీసి నలిపి చూసేవాడు. ఆర్గాన్ ఆ మెతుకు.

రెండు ఎలక్ట్రాన్లు మిగిలిన ఆర్గాన్ 3.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒకటే మిగిలినది 3.3 దగ్గర ముఖ్యమైన రేఖలు ఇస్తాయి. వేడి పెరిగేకొద్దీ రెండో రకం బలపడుతుంది. రెండింటి ప్రకాశాల నిష్పత్తి నుంచి ఉష్ణోగ్రత రాబడతారు. ఎక్స్-కిరణాలను మన ల్యాబులోని గాజు పట్టకం విడదీయలేదు. ఆ పని స్ఫటికాలు చేస్తాయి. వాటిలోని పరమాణు పొరలతో అది ఎలా సాధ్యమో బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లోనే చూపించారు.

సాంద్రత సంగతి ఇంకా బాగుంటుంది. దాన్ని రేఖ వెడల్పు చెబుతుంది. ఒకే గదిలో నలుగురు పడుకుంటే ఎవరి చాప వారిదే. పదిహేను మంది పడుకుంటే ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్లాస్మాలోనూ అంతే. చుట్టూ ఇరుకైనకొద్దీ పక్క అయాన్ల, ఎలక్ట్రాన్ల విద్యుత్ క్షేత్రాలు ఆర్గాన్ శక్తి స్థాయిలను అటూ ఇటూ నెడతాయి, సన్నగా ఉండాల్సిన రేఖ వెడల్పుగా పరుచుకుంటుంది. దీన్ని స్టార్క్ ప్రభావం అంటారు.

ఎంత వేడికి ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో 1920లో సమీకరణం కట్టినవాడు మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గరి పల్లెలో ఒక చిన్న దుకాణదారు కొడుకు. కలకత్తాలో చదివేటప్పుడు, కులం కారణంగా ఆయన తమతో కలిసి భోజనం చేయడానికి వీల్లేదని హాస్టల్లో కొందరు విద్యార్థులు అభ్యంతరపెట్టారు. ఆయన సమీకరణం నక్షత్రాల వేడి లెక్కకు దారి తీసింది. లేజర్ ప్లాస్మాకు అదొక్కటే చాలదు, దాని మీద ఇంకా చాలా లెక్కలు చేరాయి.

పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ఆర్గాన్ ఎక్కువైతే అదే వేడిని ఎక్స్-కిరణాలుగా బయటికి పంపేసి వాయువును చల్లారుస్తుంది. బలమైన రేఖలను ప్లాస్మాయే కొంత మింగేస్తుంది, అందుకని 3.7, 3.9 దగ్గరుండే బలహీనమైన రేఖలను నమ్ముకుంటారు. పైగా ఒక్కో రేఖ ఒక్కో చోటి కబురు ఎక్కువగా తెస్తుంది, నడుమ వేడి వేరు, అంచు వేడి వేరు. బట్టీలో కూడా నడిమి ఇటుక కాలినట్టు అంచు ఇటుక కాలదని మా నాన్న అనేవారు.