చలికి వాలిన టమాటా నారు

పిల్లలూ! డిసెంబరు నెలలో తెల్లవారుజామున మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా చూశారా? రాత్రి నీళ్ళలా ఉన్న నూనె పొద్దుటికి పేరుకుని, ఎంత వంచినా జారదు. ఆ సంగతి గుర్తుంచుకోండి. దానితో పని ఉన్నది.

మారేడుపల్లిలో మా పెరట్లో మనుమడు టమాటా నారు పోశాడు. నలభై మొలకలు వచ్చాయి. ఒక చలిరాత్రి గడిచి ఎండెక్కేసరికి అన్నీ తలలు వాల్చాయి. "తాతయ్యా, వీటికి దాహమేసింది!" అని వాడు రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించాడు. మడి అప్పటికే తడిగా ఉన్నది. మర్నాటికి మరీ వాలాయి. వాణ్ణి ఏమనను? బడిలో పనిచేసే రోజుల్లో నేనూ ఇలాగే నీళ్ళు పోయించి, ఒక వంగ మడిని మొత్తం పోగొట్టాను.

మన సికింద్రాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, పీఠభూమి మీద ఉన్నది. పక్కనున్న బేగంపేటలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీల చలి నమోదైంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన టమాటాకు 10 డిగ్రీలంటేనే కష్టం. దాని కణాల పొరల్లో ఉండే కొవ్వు, మన నూనెలాగే బిగుసుకుంటుంది. చల్లబడిన వేళ్ళు నీరు పీల్చలేవు. ఎండేమో ఆకుల్లోని నీటిని లాగేస్తూ ఉంటుంది. తడిలో నిలబడే మొక్క ఎండిపోతుందన్నమాట!

దీనికి మందు మొక్కలోనే కొంత ఉన్నది. ఆకుల సన్నని రంధ్రాలను మూయించే ఆబ్సిసిక్ ఆమ్లాన్ని 1960లలో కనుగొన్నారు. ఇలాంటివాటిని వృద్ధి నియంత్రకాలు అంటారు. 1979లో అమెరికా శాస్త్రజ్ఞులు తేనెటీగలు పోగుచేసిన ఆవజాతి పుప్పొడి నుంచి బ్రాసినోలైడ్ అనే మరొకదాని గుట్టు విప్పారు. వందల కిలోల పుప్పొడికి దొరికింది కొద్ది మిల్లీగ్రాములే! ఆ కుటుంబపు పదార్థాలనే మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వేరుశనగ మీద ప్రయోగించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. వీటిని తగుపాళ్ళలో ముందుగా చల్లితే కూరగాయల నారు చలిని మెరుగ్గా తట్టుకుంటుందని ప్రయోగాల్లో తేలింది.

"అయితే కొనుక్కొద్దాం తాతయ్యా!" అన్నాడు మనుమడు. నేను ఒప్పుకోలేదు. జపానులో ఒక బూజు పట్టిన వరి పిచ్చిగా పొడుగెదిగి పడిపోయేది. ఆ బూజు వదిలే పదార్థమే దీనికి కారణమని 1926లో కురొసావా చూపాడు. అదే జిబ్బరెల్లిన్, అదీ ఒక వృద్ధి నియంత్రకమే. చుక్క లెక్క తప్పితే మందే తెగులవుతుంది. ఆ లెక్క తెలిసినవారు చల్లవలసినదే గాని, తాతా మనుమలు కాదు.

మేము నీళ్ళు తగ్గించి, పోసేవి పొద్దెక్కాక పోశాము. రాత్రిళ్ళు పుల్లలు పాతి గోనెపట్టా కప్పి, ఉదయమే తీశాము. ఇరవైయారు మొక్కలు లేచాయి. తక్కిన పద్నాలుగింటినీ వాడు ఇంకా పీకనివ్వడం లేదు.