గులాబి మొక్కలో రెండు చెట్లు

అక్కలకు, చెల్లెళ్లకు, నా క్లాసు స్నేహితురాళ్లకు మన హాస్టలు ముందర ఉన్న గులాబి మొక్కల గురించి రాస్తున్నాను. చివర ఒక పని చెప్పిన. అది కూడ చదవండి.

నిరుడు జూన్ నెలలో శామీర్‌పేట రోడ్డు మీది నర్సరీ నుంచి గులాబి మొక్కలు తెచ్చి, క్లాసుకు ఒకటి ఇచ్చినారు. మా క్లాసు మొక్కకు నీళ్లు పోసే పని నాది. తెచ్చినప్పుడు దానికి ఒక ఎర్ర పువ్వు ఉండె. వానలు పడ్డంక మొక్క జోరుగ పెరిగి నా ఎత్తు అయింది. అందరి మొక్కల కంటే మాదే పెద్దదని గొప్పలు చెప్పుకున్న. కాని మళ్ల ఒక్క మొగ్గ రాలే.

దసరా సెలవులకు నన్ను తీసుకపోవడానికి అమ్మ వచ్చింది. మాది ఉట్నూరు దిక్కు గోండు గూడెం. అమ్మ, నాన్న ఇప్పుడు మేడ్చల్ దగ్గర ఒక నర్సరీలో కూలి పని చేస్తున్నారు. అమ్మ నా మొక్క కాడ కూసుండి, మొదట్ల మట్టి తీసి, పెద్ద పెద్ద కొమ్మలన్నీ పట్టి పీకేసింది. సన్నటి కొమ్మలు రెండే మిగిలినయి. నేను అందరి ముందర ఏడ్చి, “నీకేం తెలుసు? నువ్వు చదువుకున్నవా?” అన్న. అమ్మ ఏమీ అనలేదు. మిగిలిన రెండు కొమ్మల కొసలు కత్తిరించి, చేతులు కడుక్కొని, నా సంచి ఎత్తుకుంది.

ఈ మాట రాయాలంటే సిగ్గయితుంది. అయినా రాస్తున్న. ఎందుకంటే అమ్మ చేసిందే సరైనది. ఎట్లనో వినండి.

నర్సరీ గులాబి ఒక చెట్టు కాదు, రెండు చెట్లు. కింద వేరు మల్టీఫ్లోరా వంటి గట్టి అడవి రకానిది. దాని కాండం బెరడు మీద ఇంగ్లీషు ‘టి’ అక్షరం లెక్క గాటు పెడతారు. మంచి పువ్వులిచ్చే గులాబి కన్ను ఒకటి తీసి అందులో దూర్చి కడతారు. ఆ కన్ను అతుక్కొని చిగురించినంక పైన ఉన్న అడవి కొమ్మను కోసేస్తారు. దీన్ని కన్ను అంటు అంటారు. 10వ తరగతి అక్కల పుస్తకంలో అంటు కట్టే పాఠం చూసిన. పై ముక్కను సయాన్ అని, కింది దాన్ని స్టాక్ అని అంటారట.

గింజ నాటితే అయిపోతది గద అని మీరు అడగవచ్చు. గింజ నాటితే తల్లి చెట్టు రంగే వస్తుందని నమ్మకం లేదు. ఇప్పటి గులాబీలు ఎన్నో రకాలను కలిపి తయారు చేసినవి. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ గారు గోధుమల శాస్త్రవేత్త. ఆయన గులాబీలలో కూడ ఎన్నో కొత్త రకాలు తెచ్చినారు. అటువంటి రంగు మారకుండ నిలవాలంటే అంటు కట్టాలి. రంగు పై చెట్టుది, బలం కింది వేరుది.

అయితే కింది వేరు ఊకె ఉండదు. తన సొంత పిలకలు వేస్తుంది. అవి జోరుగ పెరిగి తిండి అంతా గుంజుకుంటాయి. పై గులాబి బక్కగయి చచ్చిపోతుంది. నేను నాలుగు నెలలు నీళ్లు పోసి పెంచింది ఆ పిలకలనే!

పిలకను గుర్తుపట్టేది ఎట్ల? ఆకుకు ఏడు చిన్నాకులుంటే పిలక, ఐదుంటే గులాబి అని కొందరు అంటారు. అది పూర్తిగా నమ్మవద్దు, మంచి గులాబికి కూడ ఒక్కోసారి ఏడు వస్తాయి. కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడాలి. మొదట్ల ముడి లెక్క ఉబ్బు ఉంటుంది. అదే అంటు కట్టిన చోటు. దాని పైన పుట్టింది గులాబి, కింద పుట్టింది పిలక. పిలకను సగానికి కోస్తే మళ్ల గుబురుగ వస్తుంది. మట్టి తీసి, పుట్టిన కాడికి పీకాలి.

మిగతా జాగ్రత్తలు:

1. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

2. గుంత ఒకటిన్నర అడుగు లోతు తీసి, మన ఎర్ర చెల్క మట్టిలో బాగ మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పెంట వేయవద్దు. అంటు ముడి మట్టిలో పూడవద్దు.

3. పొద్దున మొదట్ల నీళ్లు పోయాలి. ఆకులు రాత్రంతా తడిగ ఉంటే నల్ల మచ్చ తెగులు వస్తుంది. మన దగ్గర నీళ్లు తక్కువ కాబట్టి వంటశాలలో బియ్యం కడిగిన నీళ్లు పోయవచ్చు. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు పోయవద్దు.

4. వానలు తగ్గినంక అక్టోబరులో కొమ్మలు కత్తిరించాలి. ఎండినవి, సన్నవి తీసేయాలి. గట్టి కొమ్మకు నాలుగైదు కన్నులు ఉంచి, బయటి వైపు చూసే కన్నుకు కొంచెం పైన ఏటవాలుగ కోయాలి. సుమారు 45 రోజులకు పువ్వులు వస్తాయి.

5. పేనుబంక పడితే 50 గ్రాముల వేప గింజల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం చల్లాలి.

సెలవులు అయిపోయి వచ్చేసరికి మా మొక్కకు ఎర్ర చిగుళ్లు వచ్చినయి. నవంబరు ఆఖరున మూడు ఎర్ర పువ్వులు పూసినయి. అమ్మ చూడడానికి వచ్చినప్పుడు ఒకటి తెంపి ఆమె కొప్పులో పెట్టిన. “తప్పయింది అమ్మా” అన్న. “మొక్క బతికింది గద బిడ్డా” అన్నది.

ఇంకొకటి. పీకిన అడవి కొమ్మలను అమ్మ ఆ రోజు పారేయలేదు. పెన్సిలంత లావు ముక్కలు చేసి వంటశాల వెనక తడి మట్టిలో గుచ్చింది. వాచ్‌మన్ తాత నీళ్లు పోసినాడు. అందులో ఆరు బతికినయి. వాటి మీద అంటు కడితే ఆరు కొత్త గులాబీలు అయితయి, కొనే పని లేదు.

ఇక చేయవలసిన పని: ఈ ఆదివారం అందరం మన మన మొక్కల మొదళ్లు చూద్దాం. ముడి కింద పిలక ఉంటే పీకేద్దాం. కొమ్మలు మాత్రం అక్టోబరు దాక కోయవద్దు.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. అంటు కట్టేది పుస్తకంలో బొమ్మ చూస్తే చేతికి రాదు. మా అమ్మ రోజూ కడుతుంది. ఆమెకు చదువు రాదు, ఈ కాగితం నేనే చదివి వినిపిస్త. మీరు ఒప్పుకుంటే ఒక ఆదివారం అమ్మ వచ్చి మన అందరికీ నేర్పిస్తుంది.

ఇట్లు
మీ స్నేహితురాలు, 9వ తరగతి