వసంతమునకు ముందే పెరటి మందుమొక్కల సంరక్షణ

శిశిరమున వేపచెట్లు ఆకు రాల్చుచుండగా, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు పెక్కుమంది ఆ ఆకును ఊడ్చి నిప్పు పెట్టుట చూచుచున్నాను. వసంతము రాగానే దగ్గు, రొంప పట్టిన బిడ్డలతో వారే నాయొద్దకు వత్తురు. ఆ రాలిన ఆకు పెరటి మొక్కలకు రక్షణ. ఆ మొక్కలు ఇంటిల్లిపాదికి తొలి ఔషధము.

శీతకాలమున దేహమందు సంచితమైన కఫము వసంత సూర్యుని వేడిమికి కరగి, జఠరాగ్నిని మందగింపజేయునని చరక సంహిత చెప్పుచున్నది. దగ్గు, అరుచి, ఒళ్లు బరువు అందువలన కలుగును. తులసి, అడ్డసరము, తిప్పతీగ అప్పుడే అవసరమగును. కాని మన సీమలో వసంతము స్వల్పము. ఏప్రిల్ నాటికే ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. ఉగాది తరువాత నాటిన మొక్క వేరూనకముందే వాడును. కావున మాఘ, ఫాల్గుణములందే పెరటిని సిద్ధపరచవలెను.

మట్టి, ఎరువు

మన నల్లరేగడి వానకు నీరు నిలుపును, ఎండకు బీటలు వారును. నీరు నిలిచిన తులసి వేరు కుళ్లును. కుండీకి రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పచ్చిపేడ వేయరాదు, వేరును కాల్చును, చెదలను పిలుచును. మొదళ్లచుట్టూ రాలిన ఆకును బెత్తెడు మందమున పరచిన తేమ నిలుచును.

కత్తిరింపు

తులసి వెన్నులను త్రుంచిన కొత్త చిగుళ్లు వచ్చును. అడ్డసరము ముదురు కొమ్మలను కత్తిరించి, వానినే వేరుగా నాటవచ్చును. తిప్పతీగ ఈ కాలమున ఆకు రాల్చి మోడువలె నుండును, ఎండినదని పెరికివేయకుడు. బొటనవ్రేలి లావు కాండమును రెండు మూడు కణుపులతో కోసి, వేపచెట్టు మొదట నాటిన చిగిర్చును. తెలిసిన ఇంటినుండియో, నమ్మకమైన నర్సరీనుండియో తెచ్చుకొనుడు. పోలిక చూచి అడవితీగ తెచ్చుట ప్రమాదకరము. గన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. వానిని మందుమొక్కల నడుమ ఉంచరాదు.

నేను చేసిన పొరపాటు

గురుకులమున మా గురువుగారు మొక్కకు నీరు పోయని శిష్యునికి దాని గుణములు చెప్పెడివారు కారు. ఆ పాఠము నాకు ఆలస్యముగా బోధపడినది. నా యౌవనమున ఆళ్లగడ్డ సమీపమున ఒక ఇంట, దగ్గుతో నున్న బాలునికి తులసి రసము ఇమ్మని చెప్పితిని. పిండినల్లి పట్టెనని ఆ ఇంటివారు ప్రత్తిచేనికి తెచ్చిన పురుగుమందును ముందునాడే తులసిపై చల్లిరట. ఆ సంగతి ఎరుగని అవ్వ రసము తీసి మనుమనికి త్రాగించినది. వాంతులతో సోలిపోయిన బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసివచ్చినది. దైవానుగ్రహమున బ్రతికినాడు. మందు చెప్పిన నేను, మొక్కను ఎట్లు పెంచుచున్నారని అడుగలేదు. నాటినుండి అడుగక ఏ ఆకును చెప్పుట లేదు.

మందుమొక్కపై చల్లినది మందులో కలియునని ఎరుగుడు. పురుగు కనబడిన ముందుగా నీటిధారతో కడుగుడు. తగ్గనిచో 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. తరువాత వారము దినములు ఆ ఆకు కోయరాదు. మురుగునీరు, బట్టలుతికిన నీరు పోయరాదు.

వాడుక

పది తులసి ఆకులు, చిన్న అల్లపు ముక్క రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగులువరకు కాచి, పెద్దలు గోరువెచ్చగా సేవింపవచ్చును. అడ్డసరము గర్భిణులు వాడరాదు. కాలేయ వ్యాధి, మధుమేహము గలవారు వైద్యుని అడుగక తిప్పతీగ సేవింపరాదు. ఆయాసమున్నను, జ్వరము తగ్గకున్నను, దగ్గు రెండు వారములు దాటినను ఇంటి వైద్యము చాలించి వైద్యుని చూడవలెను.

ఈ వారమే ఆకు కాల్చుట మాని, తులసి మొదట పరచుడు. చైత్రమున బిడ్డకు దగ్గు వచ్చిననాడు, మీ చేతితో పెంచిన ఆకును నిశ్చింతగా కోయగలరు.